హైకోర్టు జడ్జి ఎలా అవుతారు, ఆ కుర్చీలో బతుకు ఎలా ఉంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ హైకోర్టులో ఇరవై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేస్తున్నాను. లా చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, వాయిదా కోసం వరండాలో కూర్చున్న క్లయింట్లు తిప్పి తిప్పి ఇవే అడుగుతుంటారు. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను. ఎవరికి ఏది కావాలో అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

## చదువు, నల్లకోటు

హైకోర్టు జడ్జి పోస్టుకు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది?

పడదు. అప్లికేషన్ ఉండదు, రాతపరీక్ష ఉండదు, హాల్ టికెట్ ఉండదు. ఇది అడిగి తీసుకునే ఉద్యోగం కాదు, మీ పేరు ఇంకొకరు చెప్పాలి. ఆ చెప్పేవాళ్లు హైకోర్టు చీఫ్ జస్టిస్, ఆ తర్వాతి ఇద్దరు సీనియర్ జడ్జీలు. పదిహేను ఇరవై ఏళ్లుగా వాళ్ల ఎదుట మీరు వాదించిన తీరైనా, కింది కోర్టులో మీరు రాసిన తీర్పులైనా వాళ్ల కంట్లో పడి ఉండాలి. కోచింగ్ సెంటర్ ఏదైనా "హైకోర్టు జడ్జి కోర్సు" అని చెబితే మీ డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

అర్హతలు ఏంటి?

రాజ్యాంగం 217వ అధికరణ చాలా తక్కువే అడుగుతుంది. భారత పౌరుడై ఉండాలి. దాంతోపాటు పదేళ్లు న్యాయాధికారిగా పనిచేసి ఉండాలి, లేదా పదేళ్లు హైకోర్టు అడ్వకేటుగా ఉండాలి. కనీస వయసు రాజ్యాంగంలో లేదు. ఆచరణలో మాత్రం బార్ నుంచి, అంటే లాయర్లలోంచి, తీసుకునేటప్పుడు 45 దాటినవాళ్లనే ఎక్కువగా చూస్తారు. న్యాయశాస్త్ర పండితులను, అంటే ప్రొఫెసర్లను, నేరుగా సుప్రీంకోర్టుకు తీసుకునే వీలు రాజ్యాంగంలో ఉంది కానీ హైకోర్టుకు లేదు. ఎమర్జెన్సీ రోజుల్లో 42వ సవరణతో హైకోర్టుకూ ఆ వీలు పెట్టారు, 44వ సవరణతో తీసేశారు.

ఏ లా కాలేజీ మంచిది? క్లాట్ రాయాలా, లాసెట్ రాయాలా?

రెండూ లా ప్రవేశ పరీక్షలే. జాతీయ స్థాయి క్లాట్ రాస్తే హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ లాంటివి. రాష్ట్ర స్థాయి లాసెట్ రాస్తే రెండు రాష్ట్రాల్లోని మిగతా కాలేజీలు. ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లు. కాలేజీ పేరు మొదటి ఐదేళ్లు పనికొస్తుంది. ఆ తర్వాత బెంచి మీద ఉన్నవాళ్లు మీరు ఫైలు చదివి వచ్చారా లేదా అన్నదే చూస్తారు.

పట్టా వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని, ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. నమోదు ఫీజు విషయంలో ఒక జాగ్రత్త. అడ్వకేట్ల చట్టంలో ఉన్నదానికి మించి వసూలు చేయకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. జనరల్ కేటగిరీకి అది 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125.

మాది లాయర్ల కుటుంబం కాదు. మాలాంటివాళ్లకు ఛాన్స్ ఉంటుందా?

ఉంటుంది, కానీ సమానంగా ఉంటుందని చెబితే అబద్ధం. తండ్రి సీనియర్ అడ్వకేటు అయితే ఆఫీసు, పుస్తకాలు, క్లయింట్లు మొదటి రోజే రెడీగా ఉంటాయి. మిగతావాళ్లకు ఆ మూడూ కూడేసరికి పదేళ్లు పోతాయి.

అలా వచ్చినవాళ్లు లేకపోలేదు. జస్టిస్ ఎన్.వి. రమణ కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టారు. 1983లో అడ్వకేటుగా నమోదయ్యారు, 2000లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి అయ్యారు, 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. నమోదుకు, జడ్జి పదవికి మధ్య 17 ఏళ్లు ఉన్నాయి చూడండి. పిల్లలకు నేను చూపించేది ఆ లెక్కే.

జూనియర్‌గా ఎన్నేళ్లు ఉండాలి? సీనియర్ జీతం ఇస్తారా?

ఎన్నేళ్లు అన్న రూలు లేదు. జీతానికి గ్యారంటీ కూడా లేదు. పట్టణాల్లో జూనియర్‌కు నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సిఫార్సు చేసింది. అది సిఫార్సే.

నా మొదటి ఏడాది జరిగింది ఒకటి చెబుతాను. భూమి కేసు, మూడు వందల పేజీల బండిల్. పహాణీ (భూమి రికార్డు) ఉన్న పేజీకి చీటీ అంటించడం మర్చిపోయాను. జడ్జిగారు "ఏ పేజీ?" అన్నారు. మా సీనియర్ నా వైపు చూశారు. నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను. హాలంతా నిశ్శబ్దం. ఆ అర నిమిషంలో కేసు పాస్ ఓవర్ అయింది, అంటే మధ్యాహ్నానికి వాయిదా పడింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా చీటీలు నేనే అంటిస్తాను, ఆఫీసులో నలుగురు జూనియర్లు ఉన్నా సరే.

## బార్ నుంచా, సర్వీసు నుంచా

జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసి హైకోర్టు దాకా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. హైకోర్టులో దాదాపు మూడో వంతు స్థానాలు కింది కోర్టుల నుంచి వచ్చినవాళ్లకు, మూడింట రెండు వంతులు బార్‌కు అన్నది ఆనవాయితీ. మనవాళ్లు ఇప్పటికీ మున్సిఫ్ అనే పిలిచే జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు పరీక్ష ఉంటుంది. ఆ తర్వాత సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి. కాలేజీ నుంచి నేరుగా పరీక్షకు వెళ్లడం ఇక కుదరదు, మూడేళ్ల ప్రాక్టీసు ఉండాల్సిందేనని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఈ దారిలో చిక్కు వయసుతో వస్తుంది. మెట్టు మెట్టూ ఎక్కి హైకోర్టు చేరేసరికి చాలామందికి 57, 58 వస్తుంది. రిటైర్మెంటు 62కే. నలభై ఐదో ఏట బార్ నుంచి వచ్చినవారికి పదిహేడేళ్లు దొరికే చోట వీళ్లకు నాలుగైదేళ్లే. అందుకే సర్వీసు నుంచి వచ్చి చీఫ్ జస్టిస్ అయ్యేవాళ్లు అరుదు. నా దృష్టిలో ఇది అన్యాయమే. సాక్షి ముఖం చూస్తూ ముప్పై ఏళ్లు ట్రయల్ నడిపిన మనిషికి తెలిసింది మాకెవరికీ తెలియదు.

గవర్నమెంట్ ప్లీడర్ అయితే తొందరగా జడ్జి అవుతారంటారు, నిజమేనా?

కొంత నిజం. గవర్నమెంట్ ప్లీడర్, అంటే ప్రభుత్వం తరఫున వాదించే లాయరు (జీపీ), రోజూ కోర్టులో ఉంటారు, రోజూ పదుల కేసుల్లో మాట్లాడతారు, అందరు జడ్జీలకూ ముఖం తెలుస్తుంది. కానీ అదే వైపు నుంచి దెబ్బ కూడా తగులుతుంది. కౌంటరు (ప్రభుత్వం తరఫు రాతపూర్వక జవాబు) వేయకుండా వాయిదాలు అడిగే జీపీ ఎవరో కూడా అందరికీ తెలుస్తుంది.

## పేరు వెళ్లాక

కొలీజియం అంటే ఎవరు? రాజ్యాంగంలో ఉందా?

జడ్జీలుగా ఎవరిని తీసుకోవాలో సూచించే సీనియర్ జడ్జీల బృందమే కొలీజియం. ఆ మాట రాజ్యాంగంలో లేదు. భారత ప్రధాన న్యాయమూర్తిని, గవర్నర్‌ను, హైకోర్టు చీఫ్ జస్టిస్‌ను సంప్రదించి రాష్ట్రపతి నియమిస్తారని మాత్రమే ఉంది. సంప్రదించడం అంటే ఏమిటన్న దాని మీదే గొడవంతా. 1981 సుప్రీంకోర్టు తీర్పులో ప్రభుత్వానిది పైచేయి అయింది. 1993, 1998 తీర్పులతో అది జడ్జీల చేతికి వచ్చింది. హైకోర్టు కొలీజియంలో చీఫ్ జస్టిస్‌తో కలిపి ముగ్గురు ఉంటారు. హైకోర్టు నియామకాలను చూసే సుప్రీంకోర్టు కొలీజియంలోనూ ముగ్గురే.

దీన్ని మార్చడానికి పార్లమెంటు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4:1 మెజారిటీతో కొట్టేసింది. ఆ ఒక్క అసమ్మతి తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ జాస్తి చలమేశ్వర్.

ఫైలు ఎక్కడెక్కడికి తిరుగుతుంది?

హైకోర్టు కొలీజియం పేరు పంపుతుంది. ముఖ్యమంత్రి, గవర్నర్ అభిప్రాయం చెబుతారు. ఢిల్లీలో న్యాయశాఖ ఇంటెలిజెన్స్ బ్యూరో రిపోర్టు తెప్పిస్తుంది. సుప్రీంకోర్టు కొలీజియం ఆ హైకోర్టు గురించి తెలిసిన జడ్జీలను అడిగి నిర్ణయిస్తుంది. తర్వాత మళ్లీ న్యాయశాఖ, ప్రధానమంత్రి, రాష్ట్రపతి సంతకం. ప్రభుత్వం అభ్యంతరం చెప్పి వెనక్కి పంపొచ్చు. కొలీజియం మళ్లీ అదే పేరు పంపితే నియమించాలి. అలా తిరిగి పంపిన పేర్లను మూడు నాలుగు వారాల్లో తేల్చాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గడువు పెట్టింది. ఆ తర్వాత కూడా నెలల తరబడి కదలని ఫైళ్లు ఉన్నాయి.

పేరు వెళ్లిందని తెలిసినవాళ్లు ఆ మధ్యకాలంలో ఏం చేస్తారు?

టెన్షన్ పడతారు. వచ్చేవి చిన్న కేసులే అయినా ఆచితూచి తీసుకుంటారు. పెద్ద క్లయింట్లు మెల్లగా వేరే ఆఫీసు చూసుకుంటారు, ఈయన రేపో మాపో బెంచి ఎక్కేస్తారని. రెండేళ్లు ఇలా గడిచాక పేరు వెనక్కి వస్తే? ప్రాక్టీసు సగం పోయి ఉంటుంది, క్యాంటీన్‌లో జాలి చూపులు మిగులుతాయి. నాకు తెలిసిన ఒక సీనియర్ కొత్తగా కుట్టించుకున్న గౌను ప్యాకెట్ విప్పనే లేదు. ఈ ఆలస్యం భయంతోనే మంచి ప్రాక్టీసు ఉన్నవాళ్లు కొందరు మొదట్లోనే వద్దంటారు.

రాజకీయ పలుకుబడి పనిచేస్తుందా?

ఏ పార్టీ ప్రభుత్వమైనా తమకు ఇబ్బంది అనుకున్న పేరును ఆలస్యం చేయగలదు, చేసింది. అటు కొలీజియంలోనూ గురుశిష్య బంధాలు, బంధుత్వాలు లేవనలేం. కొలీజియం తీర్మానాలను 2017 అక్టోబరు నుంచి సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. పలుకుబడి వల్ల మాత్రమే వచ్చినవాళ్లను బార్ వారం రోజుల్లో పట్టేస్తుంది.

మహిళలు ఇంత తక్కువ ఎందుకు?

హైకోర్టు నియామకాల్లో రిజర్వేషన్ లేదు, మహిళలకూ లేదు, ఏ వర్గానికీ లేదు. దేశంలో తొలి మహిళా హైకోర్టు జడ్జి అన్నా చాందీ, 1959లో కేరళలో. మన దగ్గర జస్టిస్ అమరేశ్వరి 1978లో వచ్చారు. తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా చీఫ్ జస్టిస్‌గా హిమా కోహ్లీ 2021లో వచ్చారు. నలభై ఐదేళ్ల వయసు వరకు రోజూ కోర్టులో కనిపిస్తూ ఉండాలన్న లెక్కే ఆడవాళ్లకు అడ్డం పడుతుంది. పిల్లలు పుట్టే వయసు, ప్రాక్టీసు నిలబడే వయసు రెండూ ఒకటే.

## బెంచి మీద

అడిషనల్ జడ్జి అంటే చిన్న జడ్జా?

కాదు. అధికారం ఒకటే, తీర్పు విలువ ఒకటే. పెండింగ్ కేసుల భారం చూసి రెండేళ్లకు మించకుండా నియమిస్తారు. ఆనక పర్మనెంట్ చేస్తారు. చాలామంది ఇలాగే మొదలవుతారు. సీటు ఖాయం కాని ఆ రెండేళ్లలోనే ప్రభుత్వం మీద గట్టి తీర్పు రాయాల్సి వస్తే ఎలా అన్నది ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్న.

హైకోర్టు జడ్జి రోజు ఎలా గడుస్తుంది?

మీకు కనిపించేది పదిన్నర నుంచి సాయంత్రం వరకు, మధ్యలో లంచ్. కనిపించనిది అంతకుముందు రాత్రి. మర్నాటి కాజ్ లిస్టులో (ఆ రోజు వినే కేసుల జాబితా) ఎనభై, నూరు కేసులు ఉండొచ్చు. ఆ ఫైళ్లు ఇంటికి వస్తాయి. సాయంత్రం ఛాంబర్‌లో స్టెనో టైపు చేసి తెచ్చిన ఉత్తర్వులు దిద్దాలి. రిజర్వు చేసిన, అంటే వాదనలు విని తర్వాత ఇస్తామని ఆపిన, తీర్పులు శని, ఆదివారాల్లో రాయాలి.

చూసింది ఒకటి చెబుతాను. ఒక రిటైర్డ్ టీచరమ్మ పెన్షన్ కేసు, లిస్టులో ఎనభై ఏడో ఐటెం. సాయంత్రం నాలుగు దాటింది. అటు వాదన, ఇటు వాదన, పాత తీర్పుల జిరాక్సులు. జడ్జిగారు అన్నీ పక్కన పెట్టి ఒకే మాట అడిగారు: "ఈమె సర్వీసు రిజిస్టరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?" ప్రభుత్వం వైపు జవాబు లేదు. వారంలో తెచ్చి చూపించమన్నారు. వారానికి రిజిస్టరు దొరికింది, పెన్షన్ కూడా వచ్చింది. ఆ ప్రశ్న అడగాలంటే ముందు రాత్రి ఎవరో ఆ ఫైలు ఆసాంతం చదివి ఉండాలి.

ఇక ఒంటరితనం. నిన్నటి దాకా క్యాంటీన్‌లో భుజం మీద చెయ్యేసి టీ తాగిన మిత్రులు ఇవాళ బార్ వైపు నిలబడి వంగి నమస్కరిస్తారు. పెళ్లిళ్లకు వెళ్లాలన్నా పిలిచింది ఎవరో చూసుకోవాలి.

తనకు నచ్చిన కేసులు జడ్జి ఎంచుకుంటారా?

లేదు. ఎవరు ఏ రకం కేసులు వినాలో చీఫ్ జస్టిస్ నిర్ణయిస్తారు. దాన్నే రోస్టర్ అంటాం. బెయిళ్లు ఒకరికి, సర్వీసు రిట్లు (ప్రభుత్వ ఉద్యోగుల కేసులు) ఒకరికి, భూసేకరణ ఇంకొకరికి. కొన్ని నెలలకోసారి మారుతుంది. కొన్ని కేసులు ఒక్క జడ్జి వింటారు, ఉరిశిక్ష ఖరారు లాంటివి ఇద్దరు ఉన్న డివిజన్ బెంచికే వెళ్తాయి.

జీతం ఎంత వస్తుంది?

2016 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం నెలకు మూల వేతనం 2,25,000 రూపాయలు, హైకోర్టు చీఫ్ జస్టిస్‌కు 2,50,000. డీఏ అదనం. ఇల్లు లేదా ఇంటి అద్దె భత్యం, కారు, సిబ్బంది ఉంటారు. ఇన్‌కమ్ ట్యాక్స్ అందరిలాగే కట్టాలి. జీతం రాష్ట్ర సంచిత నిధి నుంచి వస్తుంది, దాని మీద అసెంబ్లీలో ఓటింగ్ ఉండదు. కోపం వచ్చి జడ్జి జీతం తగ్గించే వీలు ప్రభుత్వానికి లేకుండా అలా పెట్టారు. మంచి ప్రాక్టీసు వదిలి వచ్చినవారికి ఇది సంపాదన తగ్గడమే.

తీర్పులు తెలుగులో ఎందుకు ఇవ్వరు?

348వ అధికరణ ప్రకారం హైకోర్టు వ్యవహారం ఇంగ్లిషులో. అయినా 2023లో తెలంగాణ హైకోర్టు డివిజన్ బెంచి ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. మా అమ్మకు చదివి వినిపిస్తే "ఇలా అన్నీ రాయొచ్చు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

"మై లార్డ్" అనకపోతే జడ్జికి కోపం వస్తుందా?

అనాలన్న రూలు లేదు. హైకోర్టులో "యువర్ ఆనర్" లేదా "ఆనరబుల్ కోర్ట్" అంటే చాలని బార్ కౌన్సిల్ 2006లోనే చెప్పింది. నోటికి అలవాటైపోయి మేమే మానలేకపోతున్నాం. సొంత కేసులో మీరే నిలబడితే "సర్", "మేడమ్" అన్నా ఎవరూ ఏమీ అనరు.

జడ్జి కొడుకు అదే కోర్టులో ప్రాక్టీసు చేయొచ్చా?

అదే కోర్టులో చేయొచ్చు, తండ్రి ముందు మాత్రం నిలబడకూడదు. దగ్గరి బంధువుల ముందు వాదించకూడదని బార్ కౌన్సిల్ నియమం. జడ్జి ఇంట్లో ఉండే లాయరు ఆ ఇంటిని ఆఫీసుగా వాడకూడదని సుప్రీంకోర్టు జడ్జీలు 1997లో చేసుకున్న ప్రవర్తనా నియమాల్లో ఉంది. ఒకరి కొడుకు ఇంకొకరి ముందు, వారి అల్లుడు వీరి ముందు వాదిస్తుంటే ఏ నియమమూ అడ్డు రాదు. జనం "అంకుల్ జడ్జి" అనేది దీన్నే.

జడ్జిని వేరే రాష్ట్రానికి బదిలీ చేస్తారా? ఇష్టం లేకపోయినా?

చేస్తారు. 222వ అధికరణ ఆ అధికారం ఇచ్చింది, జడ్జి సమ్మతి అక్కర్లేదు. 1976లో ఎమర్జెన్సీలో ఒకేసారి 16 మంది హైకోర్టు జడ్జీలను బదిలీ చేశారు. వాళ్లలో గుజరాత్‌కు చెందిన జస్టిస్ సంకల్‌చంద్ సేఠ్‌ను మన ఆంధ్రప్రదేశ్‌కే పంపారు, ఆయన దాన్ని కోర్టులో సవాలు చేశారు. ఇప్పుడు కొలీజియం సిఫార్సు మీదే బదిలీలు జరుగుతాయి. చీఫ్ జస్టిస్‌ను మాత్రం బయటి రాష్ట్రం నుంచే తెచ్చే విధానం ఉంది.

తప్పు చేసిన జడ్జిని తీసేయొచ్చా?

పార్లమెంటు మాత్రమే తీసేయగలదు. లోక్‌సభలో 100 మంది లేదా రాజ్యసభలో 50 మంది సంతకాలతో నోటీసు ఇవ్వాలి. ముగ్గురు సభ్యుల కమిటీ విచారిస్తుంది. తర్వాత రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలి. కలకత్తా హైకోర్టు జడ్జి సౌమిత్ర సేన్ విషయంలో 2011 ఆగస్టులో రాజ్యసభ తీర్మానం ఆమోదించింది. లోక్‌సభకు వచ్చేలోపు ఆయన రాజీనామా చేశారు. తీర్పు మనకు నచ్చకపోతే అది తీసేసే కారణం కాదు. దానికి అప్పీలు ఉంది.

## పైమెట్టు, ఇంటిదారి

హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు ఎలా వెళ్తారు?

ప్రధాన న్యాయమూర్తి, నలుగురు సీనియర్లు ఉన్న ఐదుగురి కొలీజియం ఎంపిక చేస్తుంది. సీనియారిటీ, ఏ రాష్ట్రానికి ఎంతమంది ఉన్నారన్న లెక్క రెండూ చూస్తారు. తెలుగువాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది కోకా సుబ్బారావు గారు. 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు తొలి చీఫ్ జస్టిస్ ఆయనే. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చి, ఏప్రిల్‌లో రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి జాకిర్ హుస్సేన్ మీద పోటీ చేసి ఓడిపోయారు.

62 తర్వాత పెన్షన్ ఎంత? మళ్లీ ప్రాక్టీసు చేయొచ్చా?

హైకోర్టు జడ్జిగా రిటైరైన వారందరికీ, అడిషనల్ జడ్జిగా దిగినవారితో సహా, బార్ నుంచి వచ్చినా సర్వీసు నుంచి వచ్చినా ఏడాదికి 13.5 లక్షల రూపాయల పూర్తి పెన్షన్ ఇవ్వాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. చీఫ్ జస్టిస్‌గా రిటైరైతే 15 లక్షలు. పర్మనెంట్ జడ్జిగా పనిచేసిన హైకోర్టులో, కింది కోర్టుల్లో మళ్లీ వాదించకూడదు. సుప్రీంకోర్టులో, ఇతర హైకోర్టుల్లో వాదించొచ్చు. చాలామంది ఆర్బిట్రేషన్‌లు (కోర్టు బయట వివాదాలు తేల్చడం), ట్రిబ్యునళ్లు, కమిషన్ల వైపు వెళ్తారు. రిటైరైన మర్నాడే ప్రభుత్వ పదవి తీసుకోవడం మాత్రం నాకు ఎప్పుడూ మింగుడు పడదు.

మధ్యలో రాజీనామా చేస్తే ఎవరు ఆమోదించాలి?

ఎవరూ అక్కర్లేదు. రాష్ట్రపతికి సంతకం చేసిన లేఖ రాస్తే చాలు. అయితే ఫలానా తేదీ నుంచి అని రాస్తే ఆ తేదీ వచ్చేలోపు మనసు మార్చుకోవచ్చు. అలహాబాద్ హైకోర్టు జడ్జి సతీశ్ చంద్ర 1977 మేలో, ఆగస్టు 1 నుంచి రాజీనామా అని రాసి, జులైలో వెనక్కి తీసుకున్నారు. అలా కుదరదని ఒక లాయరు కోర్టుకెక్కారు. కుదురుతుందని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత సతీశ్ చంద్ర అదే కోర్టుకు చీఫ్ జస్టిస్ అయ్యారు.